మంచం పట్టినవారి ఇంటికి నర్సును పంపండి: జిల్లా వైద్య ఆరోగ్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను. మా నాన్నగారికి నోటి క్యాన్సర్. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. మొదట్లో నర్సమ్మ ఇంటికొచ్చేవారు. పుండు కడిగి, వాసన పోవడానికి మెట్రోనిడజోల్ పొడి చల్లేవారు. నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి ఎందుకు తప్పకూడదో, దానితో వచ్చే మలబద్ధకానికి ఏమివ్వాలో అమ్మకు ఓపిగ్గా నేర్పారు. ఆ రాత్రుల్లో ఆయన నిద్రపోయారు. ఆమె బదిలీ అయ్యాక ఎవరూ రాలేదు. చివరి రోజుల్లో నాన్న నొప్పితో దిండు కొరుక్కున్నారు.

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చింది. అక్కడ నర్సులు గడప దాకా వెళ్తున్నారు. మార్ఫిన్ అందుబాటులోకి రావాలనే 2014లో పార్లమెంటు మత్తుమందుల చట్టాన్ని సవరించింది. ఇంటికొచ్చి మోతాదు చూసే మనిషే లేకపోతే ఏం లాభం?

మా మండలంలో ఇంకా మంచాన ఉన్నవాళ్లున్నారు. ఆ ఖాళీని ఈ నెలలోనే భర్తీ చేయండి, నర్సుకు వాహనం ఇవ్వండి, ఆమె వచ్చే తేదీలను పీహెచ్‌సీ బోర్డు మీద రాయించండి. రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రోగి కుమార్తె