క్యాన్లు ఎందుకు తగ్గించానంటే

మన ప్లాంటు నీళ్లు తాగుతున్న అందరికీ నమస్కారం. సోమవారం నుంచి ఇంటికి రోజుకు ఒక క్యానే ఇస్తాను. ఆరుగురికి మించి ఉన్న ఇంటికి రెండు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు కొత్త ఆర్డర్లు తీసుకోను. రేటు మాత్రం పాతదే, ప్లాంటు దగ్గర 10, ఇంటికి తెచ్చిస్తే 20.

"నీళ్లమ్ముకునేవాడివి నువ్వే నీళ్లు లేవంటే ఎట్లప్పా?" అని నిన్న ఒక అక్క అడిగింది. న్యాయమైన మాటే.

మనకు రెండు బోర్లు. 650 అడుగులది ఉగాదికి ముందే గాలి కొట్టడం మొదలుపెట్టింది, ఇప్పుడు పూర్తిగా పోయింది. 900 అడుగులది ఒకప్పుడు రెండు అంగుళాల నీళ్లు పోసేది. ఇప్పుడు ముప్పావు అంగుళం. గంట నడిపితే రెండు గంటలు ఆపాలి, లేకపోతే మోటారు కాలిపోతుంది. మూడోది వేద్దామని, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసే ఆయన్ని పిలిపించాం. నాకు అందులో నమ్మకం లేదు, మా నాన్నకుంది. కాయ నిలబడింది. 1,000 అడుగులు పోయినా దుమ్మే లేచింది. అప్పు మాత్రం నాకు మిగిలింది.

అనంతపురంలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా తప్పితే భూమిలో ఏముంటుంది? కొళాయి నీళ్ల సంగతీ తెలిసిందే. అవి వచ్చే పెన్నహోబిలం రిజర్వాయరుకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు రావాలి. తుంగభద్ర డ్యాము నిండాలంటే కర్ణాటకలో వానలు పడాలి. మన ఇంట్లో బిందె నిండడానికి ఎక్కడో మబ్బు పట్టాలన్నమాట.

ఇక అసలు సంగతి. మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బోరు నుంచి 100 లీటర్లు తోడితే మీ క్యాన్లలోకి వచ్చేది 45 లీటర్లు. మిగతా 55 ఏడేళ్లుగా మోరీలోకి వదులుతూ వచ్చా. మామూలు రోజుల్లో 150 క్యాన్లు అమ్మేవాణ్ణి, అంటే 3,000 లీటర్లు. ఆ లెక్కన రోజూ మోరీలో కలిసినవి 3,600 పైమాటే. అమ్మినదానికన్నా పారబోసిందే ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పిసినారితనంతో ఆ నీళ్లు తగ్గించాలని చూడకపోలేదు. బయటికి పోయే వాల్వు కాస్త బిగించాను. క్యాన్లు ఎక్కువే నిండాయి, కానీ నాలుగు నెలలకే ఉప్పు పేరుకుపోయి మెంబ్రేన్, అంటే ఉప్పును ఆపే పొర, చెడిపోయింది. ఉప్పును కడిగి మోసుకుపోవడానికి నీళ్లు పోవాల్సిందే, ఆ ఆర్‌వో మిషను పద్ధతే అంత.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పోయిన నెల మూడు రోజులు ట్యాంకరు నీళ్లు కొని ప్లాంటులో పోశాను. ఫిల్టరయ్యే వచ్చాయి, అయినా మీకు చెప్పకుండా చేశాను. రుచి మారిందని ఇద్దరు ఫోన్ చేస్తే "మెంబ్రేన్ కొత్తది" అని అబద్ధమాడాను. తప్పు నాదే. ఇకపై ట్యాంకరు నీళ్లు వాడిన రోజున గేటు దగ్గర బోర్డు మీద రాసిపెడతా.

ఆ పోయే నీళ్లను ఇప్పుడు 5,000 లీటర్ల ట్యాంకులోకి మళ్లించాను. ఎవరైనా ఉచితంగా పట్టుకెళ్లొచ్చు, పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 5 నుంచి 7 దాకా. బాత్రూముల్లో పోయడానికి, బండలు తుడవడానికి, వాకిలి చల్లడానికి బాగా పనికొస్తాయి. తాగడానికి, వంటకు వద్దే వద్దు. బర్రెలకూ పెట్టొద్దు, చెట్లకూ పోయొద్దు. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 1,400 ఉంటే ఈ నీళ్లది 2,500 దగ్గర ఉంది. పైగా మన జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు మనం చూడనివి కావు. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. క్యాను నీళ్లలోంచి మేం తీసేసిందంతా చేరేది ఈ నీళ్లలోకే. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు కాబట్టి, మీటరు పెట్టి చూసి "పర్లేదులే" అనుకోవద్దు.

ఇంట్లో సొంత ఆర్‌వో ఉన్నవాళ్లూ దాని సన్న పైపు సింకులో వదిలేయకుండా బకెట్లో పెట్టుకోండి. ఎన్ని నీళ్లు వస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది.

క్యాను నీళ్లు తాగడానికి, పప్పు ఉడకడానికి వాడుకోండి. ఉప్పు నీళ్లలో కందిపప్పు గంటసేపు పెట్టినా ఉడకదని నాకూ తెలుసు, అది విలాసమని నేననను. బియ్యం కడగడానికి మాత్రం కొళాయి నీళ్లు చాలు. ఆ కడుగు నీళ్లు కుండీలకు పోస్తే ఇంకా మంచిది. ఒకాయన మన క్యానుతో కారు తుడిపిస్తున్నారని మా ఆటో కుర్రాడు చెప్పాడు. పేరు అడగలేదు, మీరూ అడగొద్దు.

అడ్వాన్సు ఇచ్చిన మూడు పెళ్లిళ్లలో రెండింటికి డబ్బు వెనక్కిచ్చేశాను. మూడోది ఈ ఆదివారమే. ఇప్పుడు కాదంటే వాళ్లెక్కడికి పోతారు, అందుకని 60 క్యాన్లకు ఒప్పుకున్నాను, వాళ్లడిగింది 150. దాంతో శనివారం మధ్యాహ్నం డెలివరీ ఉండదు, ఇంట్లో ఒక బిందె పట్టి ఉంచుకోండి.

రెండో క్యాను కోసం ఆటో కుర్రాడితో గొడవ పడకండి, వాడికి లెక్కపెట్టి ఇస్తున్నది నేను. తిట్టాలనిపిస్తే ప్లాంటుకే రండి. పొద్దున 6 నుంచి 9 దాకా ఆ ట్యాంకు దగ్గర నేనే ఉంటా. వచ్చేటప్పుడు ఒక బకెట్ తెచ్చుకోండి.