టూసాన్ పెరట్లో పిట్టలు

పర్లాకిమిడి

మిత్రమా,

గుణుపురం నుంచి నువ్వు రాసిన ఉత్తరం, నేను ఊళ్లో లేని రోజుల్లో వచ్చి తలుపు సందులో పడి ఉంది. డిసెంబరు, జనవరి నెలలు మా అమ్మాయి ఇంట్లో, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న టూసాన్ నగరంలో గడిపి మొన్ననే తిరిగి వచ్చాను. ఎడారిలో ఏం చూశావని నువ్వు అడగక మానవు కనుక ముందే చెబుతున్నాను, పెరడు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు, పిట్టలను చూశాను.

అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకూ, మనవడు బడికీ వెళ్లాక, ఆ ఇంట్లో మిగిలేది నేనూ, పెరట్లోని కుర్చీ. అక్కడ ఇసుక తిన్నెలు లేవు. మన దగ్గర ఒక గట్టి తుపాను రెండు మూడు రోజుల్లో కుమ్మరించే వాన, అంటే 11, 12 అంగుళాలు, అక్కడ ఏడాది మొత్తానికి కురుస్తుంది. దానితోనే ముళ్లపొదలూ, 40 అడుగుల వరకు పెరిగే సగువారో అనే, చేతుల్లాంటి కొమ్మలున్న జెముడూ బతుకుతున్నాయి.

ఆ జెముడును తొలిచే గిలా వడ్రంగిపిట్ట ఓపిక చూసి నాకు సిగ్గు వేసింది. తొర్ర తొలిచిన వెంటనే అది కాపురం పెట్టదు. లోపలి తడి గుజ్జు ఆరి, గాయం చుట్టూ చెక్కలాంటి గట్టి పెచ్చు కట్టేదాకా నెలల తరబడి ఆగుతుంది. స్లాబు తడి ఆరకుండానే గృహప్రవేశం చేసి, ఆ చెమ్మతో మూడేళ్లు బాధపడినవాణ్ణి నేను. ఆ పిట్ట వదిలిన తొర్రలోకి వేసవిలో పిచ్చుకంత గుడ్లగూబ అద్దెకు దిగుతుందట. చెట్టు చచ్చి కుళ్లిపోయినా పెచ్చు మాత్రం పాత బూటు ఆకారంలో నేలమీద మిగులుతుంది.

ఇక రోడ్‌రన్నర్ సంగతి. ఎగరడం కన్నా పరుగెత్తడం ఇష్టపడే ఈ పిట్ట బల్లులనూ పాములనూ తింటుంది. రాత్రి చలికి ఒంటి వేడిని తగ్గించుకుని పడుకుని, తెల్లవారాక గోడమీద సూర్యుడికి వీపు తిప్పి, ఈకలు పైకి లేపి, కింది నల్లని చర్మాన్ని ఎండకు పెడుతుంది. సరిగ్గా అదే వేళకు నేనూ కుర్చీ తిప్పుకుని నీరెండలో వీపు కాచుకుంటున్నాను! మీ వీధి అరుగుమీద మనం మాఘమాసంలో కూర్చునే తీరు గుర్తుకు వచ్చింది. ఇది కోకిల జాతిది కనుక మన జెముడుకాకికి దాయాదే. పేరులో జెముడు మన కాకిది, కాపురంలో జెముడు దాని దాయాదిది.

ముళ్ల చోయా జెముడులోనే గూడు కట్టే కాక్టస్ రెన్ 1931 నుంచి ఆ రాష్ట్రపు పక్షి. దాని అరుపు కిక్కు అందుకోని స్కూటరు లాగా ఉంటుంది కనుక మధ్యాహ్నం కునుకు కుదరలేదు. తురాయి పెట్టుకున్న పూరేడులాంటి పిట్టలు గుంపులుగా వచ్చి గింజలు ఏరుకుపోయేవి. ఫైనోపెప్లా అనే ఎర్రకళ్ల నల్లపిట్ట అక్కడి బదనిక పళ్లు తిని, విత్తనాలను రెట్టలతో కొమ్మకొమ్మకూ అంటిస్తుంది. మీ తోటలో మామిడిచెట్ల మీద బదనిక పాకినప్పుడు నువ్వు తిట్టిన చిన్నపిట్టలు చేసే పనీ ఇదే.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం ‘అన్నా హమ్మింగ్‌బర్డ్’ అనే బుల్లిపిట్ట. గాలిలో ఒకే చోట నిలబడి, అమ్మాయి వేలాడదీసిన సీసాలోని చక్కెర నీళ్లు తాగేది. చక్కెర ఒక వంతుకు నీళ్లు నాలుగు వంతులు, రంగు కలపకూడదు. మగపిట్ట తల తిప్పినప్పుడల్లా గొంతు బొగ్గులా నల్లగా ఉన్నదల్లా మందారంలా వెలిగేది. చలి రాత్రుల్లో అది గుండె వేగం తగ్గించుకుని చచ్చినట్టు పడి ఉంటుందనీ, తెల్లవారాక మెల్లగా వేడెక్కి లేస్తుందనీ తెలిశాక, రోజూ పొద్దున్నే అది సీసా దగ్గరికి వచ్చేదాకా నేను కాఫీ ముట్టలేదు. అమ్మాయి నవ్వేది.

అలాంటి సీసా ఒకటి తెచ్చి మా పెరట్లో మందారానికి కట్టాను. మన తేనెపిట్ట దానివైపు చూడనైనా చూడక, కొమ్మకు వేలాడి పువ్వులోనే ముక్కు పెడుతోంది. సీసాకు గండుచీమలు పట్టాయి. చెల్లెమ్మను అడిగి, వాటికి విరుగుడేదో రాయి.

నీ
పర్లాకిమిడి మిత్రుడు