ఈ శనివారం పిల్లలతో సాలార్‌జంగ్ మ్యూజియానికి

సభ్యులందరికీ నమస్కారం. సెలవు రోజున పిల్లలను సంతోషపెట్టడానికి మాల్‌లో వేలు ఖర్చు చేయనక్కరలేదని గట్టిగా నమ్ముతూ, ఈ శనివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళదామని ప్రతిపాదిస్తున్నాను (శుక్రవారం దానికి సెలవు). సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ దాటి నడవవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపితే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం.

మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందే పిల్లలను సంగీత గడియారం ఎదుట కూర్చోబెట్టండి. గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి, పన్నెండుసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంటే, కిందటిసారి మా అమ్మాయి ఒక్కొక్క దెబ్బనూ వేళ్ల మీద లెక్కపెట్టింది. 1876 నాటి మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని కూడా తప్పక చూపించండి. ఆ ముసుగూ రాయేనంటే పిల్లలు ఓ పట్టాన నమ్మరు.

పులిహోర, పెరుగన్నం ఎవరివి వారు తెచ్చుకుందాం. వచ్చేవారు గురువారం సాయంత్రంలోగా పేర్లు తెలియజేయగలరు.