బ్లూగ్రాస్‌లో గాస్పెల్ నిన్నమొన్న కలిపింది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో అమెరికా సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. బాంజో, ఫిడేలు, మాండొలిన్ లాంటి తీగ వాయిద్యాలతో సాగే బ్లూగ్రాస్ గురించి తెలుగులో రాయడమే చాలా సంతోషం, కానీ కొన్ని బ్యాండ్లు ఈ మధ్యే దానికి కంట్రీని (అమెరికా పల్లె పాటల్లోంచి వచ్చిన సంగీతం), క్రైస్తవ భక్తి పాటలైన గాస్పెల్‌నీ కలిపి కొత్త ప్రయోగం చేస్తున్నాయన్నట్టు రాశారు, అది మాత్రం కరెక్ట్ కాదండీ. ఆ రెండూ మొదట్నుంచీ అందులో ఉన్నవే.

బ్లూగ్రాస్‌కి ఆద్యుడనే బిల్ మన్రోనే తీసుకోండి. కెంటకీ మనిషి, 1939లో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఓప్రీ రేడియో షోలో చేరాడు, అంటే కంట్రీ వాళ్ల స్టేజీ మీదే ఇది పెరిగింది. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్లతో బాంజో మీటుతూ వచ్చి మన్రో బ్యాండ్‌లో చేరాక దాని ఊపే మారిపోయింది. అయితే భక్తి పాటల దగ్గరకొచ్చేసరికి వీళ్లే బ్లూ గ్రాస్ క్వార్టెట్ పేరుతో పాడేవాళ్లు, అక్కడ వినండి, అంత పేరు తెచ్చిన బాంజో ఉండదు, ఫిడేలూ ఉండదు, ముఖ్యంగా మాండొలిన్, గిటారే. స్క్రగ్స్ గిటార్ పట్టుకుని బారిటోన్ (మధ్య గొంతు) పాడేవాడు, అదే బ్యాండ్‌లోని లెస్టర్ ఫ్లాట్ లీడ్ (అసలు వరస), పైన మన్రో టెనర్ (ఎత్తు గొంతు), అడుగున బేస్ గొంతు. మామూలు పాటల్లో ఎక్కువగా మూడు గొంతులే కలుస్తాయి, ఆ నాలుగోది గాస్పెల్‌కనే వస్తుంది, పైవాళ్లు మాట సాగదీసి పట్టుకుంటే బేస్ ఆయన కిందనుంచి తర్వాతి మాట అందిస్తాడు చూడండి, నాకైతే మొత్తం బ్లూగ్రాస్‌లో అంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

వర్జీనియా కొండల్లో పుట్టిన బ్లూగ్రాస్ గాయకుడు రాల్ఫ్ స్టాన్లీది ఇంకో దారి. వాళ్ల ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చిలో వాయిద్యాలే వాడరు, ఒకాయన చరణం అందిస్తే అందరూ నెమ్మదిగా సాగదీసి అదే పాడతారు. 2002లో 75 ఏళ్ల వయసులో ఆయనకి గ్రామీ వచ్చింది కూడా ఏ వాయిద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడిన పాటకే, అదీ కంట్రీ విభాగంలో! ఇక ప్రయోగం ఎక్కడుందండీ?

ఇంకోటి, నల్లజాతి వాళ్ల ఊసే వ్యాసంలో లేదు. బాంజో మూలం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లదే, మన్రో కుర్రతనంలో ఆర్నాల్డ్ షుల్ట్స్ అనే నల్లజాతి కళాకారుడి పక్కన డాన్సులకి వాయించాడు, ఆయన దగ్గర నేర్చుకున్నానని తర్వాత తనే చెప్పాడు.

ఆ వ్యాసానికి రెండో భాగం వేస్తే ఈ సంగతులు చేర్చండి, వీలైతే స్టాన్లీ మీద విడిగా ఒక పేజీ ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు