బారెల్ మార్చిన రైఫిల్‌ను దారికి తెచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

ఒళ్లంతా అలసిపోయి ఉంది, భుజం నొప్పి ఇంకా తగ్గలేదు. అయినా ఈ నాలుగు మాటలు ఈ రోజే రాయకపోతే నా మనసు ఊరుకోదు.

ఇక్కడ టెక్సాస్‌లో నవంబరు మొదటి శనివారం జింకల వేట మొదలవుతుంది. అరిగిపోయిన బారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) తీయించి కొత్తది వేయించిన నా రెమింగ్టన్ 700, థర్టీ ఆట్ సిక్స్ రకం తూటా వాడే రైఫిల్, 100 గజాల దూరంలో గుళ్లను నాలుగు అంగుళాల మేర చెదరగొడుతూ వచ్చింది. అలాంటి తుపాకీతో వెళితే జింక ఒక్క దెబ్బకు పడిపోక, గాయంతో పొదల్లో గంటల తరబడి బాధపడవచ్చు. ఆ పాపం నాకు వద్దనుకుని ఈ ఏడాది వేట మానుకోబోయాను.

రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చి సాధన చేసే చోట, పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన, లేత్ పనిచేసి రిటైరైన మనిషి, తన రైఫిల్‌ను పెట్టెలో పెట్టేసి, అనుమతి అడిగి నా దాన్ని చేతిలోకి తీసుకున్నారు. మరలన్నీ బిగువుగా ఉన్నాయని చూసుకుని, బారెల్‌కూ, దాన్ని కింద మోసే కర్ర స్టాక్‌కూ మధ్య ఒక డాలరు నోటును దూర్చి వెనక్కి లాగారు. అది కొంచెం దూరం జరిగి ఆగిపోయింది. పాతదానికంటే లావైన బారెల్ స్టాక్ గాడిలో ఎడమ పక్కన ఒరుసుకుంటోందని, వేడెక్కేకొద్దీ మరింత ఒత్తుకుంటోందని చెప్పి, గరుకు కాగితంతో ఆ గాడిని ఓపికగా వెడల్పు చేశారు. గుళ్లు రెండు అంగుళాలకు దగ్గరపడ్డాయి. ఆయన అక్కడితో ఆగలేదు. దూది చుట్టిన పుల్లను బారెల్ మూతి అంచు చుట్టూ తిప్పితే ఒకచోట పోగులు చిక్కుకున్నాయి. అక్కడ వెంట్రుకవాసి గరుకున్నా వెనక నుంచి వచ్చే వాయువు ఒక పక్క ముందుగా తప్పించుకుని తూటాను ఒరిగేలా చేస్తుందట. రజను లోపలికి పోకుండా గుడ్డముక్క కుక్కి, గుండ్రటి తల ఉన్న ఇత్తడి మరకు రాపిడి ముద్ద పూసి, చేతి డ్రిల్లుతో ఆ అంచును సానబట్టారు. బారెల్ తుడిచి మళ్లీ కాలిస్తే గుళ్లన్నీ అంగుళం లోపే పడ్డాయి.

డబ్బు ఇవ్వబోతే నా పిడికిలి మూసి, "మీ జింక బాధపడకుండా పోతే నాకు అదే చాలు" అన్నారు. నా రంగు చూసి "నీకు తుపాకీతో పనేమిటి" అన్నట్టు చూసేవారిని ఇక్కడ చాలామందిని చూశాను. ఆయన మాత్రం నా మనసులో ఉన్న మాటే పలికారు. కన్నీళ్లు ఆపుకోలేకపోయాను. తన పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు.

బారెల్ బిగించిన దుకాణం మొత్తం సొమ్ము ముందే తీసుకుని, ఒక్క గుండు కూడా పేల్చి చూడకుండా అప్పగించి, అడిగిన ప్రతిసారీ "తూటాలు మార్చి చూడండి" అనడం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. వేరేవారు ముట్టుకుంటే హామీ చెల్లదంటారు, తామూ చూడరు; ఇక మనిషి ఎక్కడికి పోవాలి?

ఎప్పటిలాగే సహకరించిన నా భార్యకు, బావమరిదికి ధన్యవాదాలు. మూసే వేళ దాటినా మా కోసం ఆగిన రేంజ్ అధికారిణికి కూడా. అన్నట్టు, మరలను సరైన కొలతకు బిగించే టార్క్ రెంచి అరువిచ్చి ఇంతవరకూ తిరిగి అడగని పక్కింటి మిత్రుడిని మరిచాను, ఆయనకూ ధన్యవాదాలు.