ఏ డిగ్రీ అయినా చాలే ఉద్యోగానికి ఎనిమిది లక్షల అప్పు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీల్లో పక్క రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి అరపేజీ ప్రకటన వేయించింది. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్, బీఏ క్రిమినాలజీ కోర్సులట. భూతద్దం పట్టుకున్న అమ్మాయి బొమ్మ, దాని కింద 'సీబీఐ, ఎన్‌ఐఏ, పోలీసు శాఖల్లో ఉజ్వల భవిష్యత్తు'. మా బావమరిది ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కొడుకుని చేర్పిస్తాడంట. అందుకే ఈ ఉత్తరం.

నేను 1985లో కానిస్టేబుల్‌గా చేరి 2025లో ఏఎస్సైగా దిగిపోయాను. సర్వీసులో సగం స్టేషన్ రైటర్ కుర్చీలోనే గడిచింది. టైమూ తేదీ వేసి జీడీ (స్టేషన్ రోజువారీ డైరీ) రాసిన చెయ్యి కాబట్టి ఇంటి లెక్క కూడా అట్టనే రాసిపెట్టుకున్నా.

మా చిన్నమ్మాయి 2021లో ఇలాంటి కోర్సులోనే, వేరేచోట చేరింది. ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి 2 లక్షల 30 వేలు. అందులో 2 లక్షలు బ్యాంకు ఇచ్చింది, మిగతాది నేను సర్దాను. మూడేళ్లకు 6 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. నా జీతం ఏడాదికి నాలుగున్నర లక్షలు దాటేది కాబట్టి కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ మాకు రాలేదు. చదివే మూడేళ్లూ, ఆ పైన ఒక ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం పడతానే ఉంటుంది. ఆ నాలుగేళ్లలో పడ్డ 1 లక్షా 98 వేలు అసలుకి చేరి, సరిగ్గా నేను రిటైరైన వేసవికి 7 లక్షల 98 వేలై కూర్చుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 10,992 రూపాయలు. మొత్తం తీరేసరికి 13 లక్షల 19 వేలు.

బ్యాంకులో ఆ రోజు ముప్పై చోట్ల వేలు పెట్టి చూపించి సంతకాలు చేయించుకున్నారు. ఈ 10,992 అనే అంకె ఎవరి నోటా రాలేదు. నేనూ అడగలేదు. పంచుల సంతకం తీసుకునే ముందు పంచనామా చదివి వినిపించడం నా ఉద్యోగం. నా సంతకం మాత్రం చదవకుండా పెట్టేశాను.

పిల్ల ఇప్పుడు హైదరాబాదులో ఉంది. ఇన్సూరెన్సు క్లెయిములు నిజమో కాదో తేల్చే ఏజెన్సీలో 17 వేల జీతం. హాస్టలుకే 7 వేలు పోతాయి. వాయిదా తేదీ రాగానే "ఈ నెలకి నువ్వే కట్టు నాయనా" అని ఫోను.

చదువు పనికిరానిదని నేననను. మూడో ఏడాది సెలవలకొచ్చినప్పుడు, నేను మంచినీళ్లు తాగి పెట్టిన స్టీలు గ్లాసు మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, మెత్తటి కుంచెతో దులిపి, సెల్లోటేపుతో నా బొటనవేలి ముద్ర లేపి నల్ల కాయితం మీద అతికించింది. "ఇట్టా మెలిక తిరిగిన గీతల్ని లూపు అంటారు నాయనా, ఇక్కడ గీత రెండుగా చీలింది చూడు" అని చూపించింది. క్లూస్ టీమ్ వెనకాల ఇన్నేళ్లు తిరిగీ నా వేలిని నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. పనితనం ఉన్న పిల్ల. ఆ పనికి పోస్టు ఎక్కడ?

ప్రకటనలో రాయని సంగతులు నేను రాస్తాను. ఎస్సై పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు, ఫోరెన్సిక్ చదివారని ఒక్క మార్కు కలపరు. సీబీఐ, ఎన్‌ఐఏ ఎస్సై పోస్టులకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ అనే పరీక్షకీ అంతే. మన రాష్ట్రంలో 2022 నవంబరులో 411 ఎస్సై, 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. మా అమ్మాయి డిగ్రీ చేతికొచ్చేసరికి ఆ గడువు దాటి ఏడాదిన్నర. కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, తొలి బేసిక్కే 25,220. మా వీధి చివర టీకొట్టు వాళ్ల అబ్బాయి ఇక్కడే జవహర్ భారతిలో బీకాం చదివి, రోజూ తెల్లారి గ్రౌండులో పరిగెత్తి అందులో ఎంపికయ్యాడు. ఫలితాలు 2025 దాకా రాలేదు, అది వేరే ఏడుపు. కానీ పైసా అప్పు లేదు.

కొత్త చట్టం వచ్చింది కదా మామా అంటాడు మా బావమరిది కొడుకు. నిజమే. పాత సీఆర్పీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. దాన్ని అమలు చేసే తేదీ ప్రకటించుకోడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల దాకా వెసులుబాటు కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాలేజీ వాళ్లు మొదటి సగం మాత్రమే అచ్చేస్తారు.

అమెరికాలో అక్కడి విద్యాశాఖే కాలేజీ స్కోర్‌కార్డ్ అని ఒక సైటు నడుపుతోంది. మా పెద్దవాడు తీసి చూపించాడు. క్రిమినల్ జస్టిస్ డిగ్రీ ఎంచుకుంటే, కాలేజీ వారీగా ఆ కోర్సు పిల్లల మధ్యస్థ అప్పు ఎంత, బయటికొచ్చాక సంపాదన ఎంత అని రెండూ కనిపిస్తాయి. కాలేజీలకి ర్యాంకులిచ్చే మన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి కాలేజీలిచ్చే లెక్కల్లోనూ మధ్యస్థ జీతం ఉంది గానీ, మూడేళ్ల డిగ్రీలన్నిటికీ కలిపి ఒకటే అంకె. బీసీఏ పిల్లలూ ఫోరెన్సిక్ పిల్లలూ ఒకే గంపలో. కోర్సు వారీగా విడదీసి అచ్చేయమని కాలేజీలనీ, సంతకానికి ముందే నెల వాయిదా ఎంతో తెలుగులో రాసివ్వమని బ్యాంకులనీ ప్రభుత్వం అడగాలి. మీరూ అలాంటి ప్రకటన తీసుకునేటప్పుడు ఆ జీతం అంకె ఏదీ అని ఒక మాట అడగొచ్చు.

మా బావమరిది అడ్వాన్సు కట్టడానికి గడువు 20వ తేదీ. ఈలోపు ఈ ఉత్తరం వేస్తే మేలు. నా మాటంటే లెక్క లేదు గానీ పేపర్లో పడిందంటే చదువుతాడు.

ఇట్లు,
విశ్రాంత ఏఎస్సై,
కావలి, నెల్లూరు జిల్లా