కల్పాక్కం పాత రియాక్టర్లు: ట్యూబుల లెక్క బయటపెట్టండి

సంపాదకులకు,

తమిళనాడులోని కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రంలో రెండు పాత 220 మెగావాట్ల యూనిట్లు 1984, 1986లలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. వీటిని ఇంకా నడపాలా వద్దా అన్న చర్చ ఎప్పుడూ వయసు దగ్గరే ఆగిపోతోంది. ముందు అడగాల్సింది ఇంధనాన్ని మోసే ప్రెజర్ ట్యూబుల పరిస్థితి.

ఒక్కో రియాక్టర్‌లో 306 ట్యూబులు అడ్డంగా అమర్చి ఉంటాయి. గోడ మందం నాలుగు మిల్లీమీటర్ల లోపే. లోపల యురేనియం కట్టలు, వాటి మీదుగా 290 డిగ్రీల దాకా వేడెక్కి అధిక పీడనంతో పారే భారజలం, అంటే డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్‌తో కూడిన నీరు. ప్రతి ట్యూబు చుట్టూ ఇంకో ట్యూబు, దాని అవతల చల్లటి భారజలం. రెండూ తగలకుండా మధ్యలో గార్టర్ స్ప్రింగులనే చుట్టల్ని పెడతారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ట్యూబు డ్యుటీరియాన్ని పీల్చుకుంటుంది, బరువుకు వంగుతుంది. స్ప్రింగు పక్కకు జరిగితే వంగిన ట్యూబు బయటిదానికి ఆనుకుంటుంది. ఆనినచోట చల్లబడుతుంది, డ్యుటీరియం అక్కడికే చేరి, లోహంతో కలిసి హైడ్రైడ్ బొబ్బ కడుతుంది. పెళుసైన ఆ బొబ్బ దగ్గరే పగులు మొదలవుతుంది. కెనడాలోని పికరింగ్‌లో 1983 ఆగస్టులో ఇలాగే ఒక ట్యూబు దాదాపు రెండు మీటర్ల పొడవున చీలింది.

కల్పాక్కంలో 2002-2006 మధ్య ట్యూబులన్నీ తీసేసి మేలైన జిర్కోనియం-నయోబియం మిశ్రలోహపు ట్యూబులు వేశారు. మంచి పనే. ఆ మార్పిడి జరిగీ ఇరవై ఏళ్లయింది. కొత్తవి వేశాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు: గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్‌లో అలా మార్చిన ట్యూబే, బయటివైపు తుప్పుతో, 2016 మార్చి 11న లీకైంది. పైగా ట్యూబులు మార్చగలం గానీ వాటిని మోసే కేలండ్రియా అనే పెద్ద తొట్టిని మార్చలేం. దానిలోకి భారజలాన్ని పంపే గొట్టాలు (మానిఫోల్డులు) దెబ్బతిన్నాకే ఈ యూనిట్లు ఏళ్ల తరబడి 170 మెగావాట్లతో సరిపెట్టుకున్నాయి.

పదేళ్లకోసారి జరిగే భద్రతా సమీక్షలో ఎన్ని ట్యూబులను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షించారు, గీకి తీసిన నమూనాల్లో డ్యుటీరియం గరిష్ఠంగా ఎంత తేలింది, స్ప్రింగులు ఎక్కడున్నాయి? అణుశక్తి నియంత్రణ మండలి ఈ అంకెలను తెలుగు, తమిళ భాషల్లో ప్రకటించాలి.

మనకెందుకు అనుకోకూడదు. కల్పాక్కం నుంచి సత్యవేడుకు గీత గీస్తే సుమారు 100 కిలోమీటర్లు, తిరుపతికి 145 లోపే. అంత దూరంలో ఊళ్లు ఖాళీ చేయాల్సిన అవసరం వస్తుందని మేం అనడం లేదు. మా దిగులు పాల గురించి. ప్రమాదం జరిగితే ఆగ్నేయపు గాలికి వచ్చే రేడియోధార్మిక అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవు మేసి, పాలలోంచి పిల్లల థైరాయిడ్‌కు చేరుతుంది. చెర్నోబిల్‌లో పిల్లలకు ఎక్కువ నష్టం జరిగింది ఈ దారిలోనే. పాల సేకరణ కేంద్రంలో ఇవాళ చూసేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం). అయోడిన్ ఆ యంత్రాలకు కనిపించదు.

అయోడిన్ ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది కాబట్టి జాగ్రత్త కష్టం కాదు. కబురు అందగానే పశువులను పచ్చిక మీదకు తోలకుండా కప్పు కింద వామి వేసిన వరిగడ్డి, బోరు నీళ్లు ఇవ్వాలి. అనుమానమున్న పాలను పొడి చేసి మూడు నెలలు నిల్వ ఉంచాలి. రేడియోధార్మికతను కొలిచే గామా స్పెక్ట్రోమీటర్ ఒకటి తిరుపతిలో, ఒకటి చిత్తూరులో పెట్టి, ఏ ప్రమాదమూ లేని ఈ రోజుల్లోనే పాల నమూనాల అంకెలు నమోదు చేయాలి. ఆ కబురు ఎవరు, ఎన్ని గంటల్లో పాల కేంద్రాలకు పంపాలో రెండు జిల్లాల కలెక్టర్లు రాతపూర్వకంగా ఖరారు చేయాలి.

– పదార్థ విజ్ఞాన అధ్యాపకులు, తిరుపతి